కంప్యూటరూ సంధి విడదీస్తుంది!

మధిర... పలికితే మూడక్షరాలు. కంప్యూటరును అడిగితే నాలుగంటుంది. మెమరీలో కొలిస్తే పన్నెండంటుంది. కొన్ని కంప్యూటరు భాషలనడిగితే ఏకంగా ‘అసలిది పేరే కాదు పొమ్మంటాయి’! ఒక్క ఊరి పేరు మీద ఇన్ని తగాదాలెందుకు? ఆ సంగతి తెలియాలంటే ప్రోగ్రాము గుమ్మంలో కూర్చుని ప్రతి మాటనూ పట్టి చూసే ఓ చిన్న ద్వారపాలకుడి గురించి తెలుసుకోవాలి.

‘కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.’ తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవాళ్లెవరూ మర్చిపోలేని ప్రశ్న ఇది. రామాలయం అంటే రామ + ఆలయం, సవర్ణదీర్ఘ సంధి. రాముడతడు అంటే రాముడు + అతడు, ఉకార సంధి. టకటకా విడదీసి, పక్కన పేరు రాసి, మార్కులు కొట్టేసి బయటపడతాం. తర్వాత జీవితంలో దీంతో పనేముందిలే అనుకుంటాం.

కంప్యూటరు మాత్రం పొద్దున లేచింది మొదలు చేసే పని అదే. ఏ ప్రోగ్రామిచ్చినా ముందు విడదీస్తుంది. విడదీసిన ప్రతి ముక్కకూ ఓ పేరు పెడుతుంది. ఆ తర్వాతే మిగతా పని. ఆ ముక్కల్ని ‘టోకెన్లు’ అంటారు. విడదీసే భాగాన్ని ‘లెక్సర్’ అంటారు. ముక్కల్ని తీసుకుని, ఏది కర్త, ఏది కర్మ, ఏది క్రియ అన్నట్టుగా వాక్యాన్ని అర్థం చేసుకునే భాగం ‘పార్సర్’. లెక్సర్ తప్పు చేస్తే పార్సర్ ఎంత తెలివైనదైనా ప్రయోజనం లేదు.

తెలుగువాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. ‘ఏం చేయాలో పాలుపోలేదు’ అంటే దిక్కుతోచలేదని. అదే మాట మధ్యలో చిన్న ఖాళీ వదిలి ‘పాలు పోలేదు’ అని రాస్తే గిన్నెలో పాలు భద్రంగా ఉన్నాయని! అక్షరాలు అవే. విడదీసిన చోటు మారింది, అర్థం మారిపోయింది.

బ్యాంకులో ఇత్తడి బిళ్ల

టోకెన్ అన్న మాట మనకు కొత్తేం కాదు. తిరుమల దర్శనానికి టోకెన్. ఆస్పత్రిలో డాక్టరు కోసం టోకెన్. వెనకటి రోజుల్లో బ్యాంకుకెళ్లి చెక్కు ఇస్తే గుమాస్తా ఓ ఇత్తడి బిళ్ల చేతిలో పెట్టేవాడు. దాని మీద ఉండేది ఒక్క అంకె మాత్రమే. ఆ అంకె ఎవరిది, ఎంత సొమ్ము, ఏ ఖాతా... ఇవన్నీ లోపల లెడ్జరులో ఉండేవి. బిళ్ల చిన్నదే, దాని వెనకున్న కథ పెద్దది.

కంప్యూటరు టోకెన్ కూడా అచ్చం ఇలాంటిదే. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు లెక్కను ఓ ప్రోగ్రాములో ఇలా రాశారనుకుందాం:

చేతికొచ్చేది = క్వింటాళ్లు * ధర - 600

ఇది బొమ్మకు రాసింది కాదు. క్వింటాళ్లెన్నో, ధరెంతో ముందు వరసల్లో చెప్పి ఉంటే, పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఈ వరస ఉన్నదున్నట్టుగా, తెలుగులోనే పనిచేస్తుంది. లెక్సర్ దీన్ని ఏడు ముక్కలు చేస్తుంది. చేతికొచ్చేది, సమాన గుర్తు, క్వింటాళ్లు, గుణకారం గుర్తు, ధర, తీసివేత గుర్తు, 600. మధ్యలో ఖాళీల పని అయిపోయింది కాబట్టి వాటిని పక్కకు నెట్టేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక్కో ముక్క గురించి ఏమేం రాసిపెట్టుకోవాలి? కంపైలర్లు రాసేవాళ్లు దశాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్న విషయమిది. సాధారణంగా మూడు సంగతులు ఉంటాయి.

మొదటిది జాతి. ఇది పేరా, అంకా, గుర్తా, లేక భాష తనకోసం దాచుకున్న మాటా? ‘ఒకవేళ’, ‘ఉన్నంతవరకు’ లాంటి అర్థాలిచ్చే కొన్ని మాటల్ని చాలా భాషలు సొంతానికి ఉంచుకుంటాయి. వాటిని మనం పేర్లుగా వాడకూడదు. పైథాన్‌లో ఇలాంటివి 35, సీ భాష తొలి ప్రమాణంలో 32 ఉన్నాయి.

రెండోది రూపం. అంటే ఆ ముక్క అసలు ఏమిటన్నది. ఇక్కడే బ్యాంకు కిటుకు పనికొస్తుంది. ప్రోగ్రాములో ‘ధర’ అన్న పేరు వందసార్లు వస్తే వందసార్లూ అక్షరాలన్నీ దాచుకోవడం దండగ. పేర్లకో పట్టిక పెట్టి, అందులో ధరను ఒక్కసారి రాసి, దానికో నంబరు ఇస్తారు. ఆ పైన వచ్చే ప్రతి టోకెన్‌లోనూ ఆ నంబరే. రెండు పేర్లు ఒకటేనా కాదా అని చూడటానికి అక్షరం అక్షరం పోల్చనక్కర్లేదు, నంబర్లు చూస్తే చాలు.

మూడోది చోటు. ఏ వరసలో, ఎన్నో అక్షరం దగ్గర దొరికింది? ప్రోగ్రాము సవ్యంగా నడిచినంతకాలం దీంతో పనిలేదు. తప్పు దొర్లినప్పుడే దీని విలువ తెలుస్తుంది. ‘మీ ప్రోగ్రాములో ఎక్కడో తప్పుంది’ అని చెప్పడానికీ, ‘అయిదో వరసలో ఇదిగో ఇక్కడ’ అని వేలుపెట్టి చూపించడానికీ ఎంత తేడా!

కొన్ని టోకెన్లు అసలు కంటికి కనిపించవు. పైథాన్‌లో వరస మొదట్లో నాలుగు ఖాళీలు వదిలితే, ‘ఇక్కణ్నుంచి లోపలి భాగం మొదలైంది’ అని లెక్సర్ ఓ టోకెన్ పుట్టిస్తుంది. మళ్లీ వెనక్కి జరిగితే ‘అయిపోయింది’ అని మరొకటి. అక్షరం లేకుండానే అర్థం!

ఒక్క చుక్క చేసిన మాయ

తాళపత్రాలు చూసినవాళ్లకు తెలుసు, వాటిలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. అక్షరాలన్నీ బారులు తీరి నిలబడతాయి. చదివేవాడే విడదీసుకోవాలి. తొలినాటి కంప్యూటరు భాషలకూ ఇదే అలవాటు.

1957లో ఐబీఎం సంస్థ నుంచి జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన ఫోర్ట్రాన్‌లో ఖాళీలకు విలువ లేదు. ఉన్నా లేనట్టే. అందులో ఓ పనిని ఒకటి నుంచి పది దాకా మళ్లీ మళ్లీ చేయమనడానికి ‘డూ 10 ఐ = 1,10’ అన్నట్టుగా రాయాలి. పొరపాటున కామా బదులు చుక్క పడిందనుకోండి. ఖాళీలు లెక్కలోకి రావు కాబట్టి ‘డూ10ఐ’ అన్నదంతా కలిసి ఓ పేరైపోతుంది. దాని విలువ 1.10 అని రాసుకుని కంప్యూటరు హాయిగా ముందుకెళ్లిపోతుంది. తప్పని చెప్పదు కూడా! పది సార్లు జరగాల్సిన పని ఒక్కసారే జరుగుతుంది. 1962లో అమెరికా పంపిన మారినర్-1 దీనివల్లే కూలిందని చాలాకాలం కథగా చెప్పుకున్నారు. అది నిజం కాదు. దాని కారణం వేరు. కానీ కథ అంతగా నాటుకుపోయిందంటే కారణముంది. చిన్న గుర్తును చూసి ముక్కలు చేసే చోటు ఎంత సున్నితమైందో ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ తెలుసు.

ఆ తర్వాత పద్ధతులు వచ్చాయి. 1975లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ కలిసి ‘లెక్స్’ అనే పనిముట్టు తయారుచేశారు. పేరు ఇలా ఉండాలి, అంకె ఇలా ఉండాలి అని నియమాలు రాసిస్తే చాలు, విడదీసే ప్రోగ్రామును అదే రాసిపెడుతుంది. ఆ ఎరిక్ ష్మిట్టే తర్వాత గూగుల్‌కు సీఈఓ అయ్యారు. ఈ విద్యను ప్రపంచానికి నేర్పిన పుస్తకం ఒకటుంది. అట్ట మీద డ్రాగన్ బొమ్మ ఉండటంతో దాన్ని ఇంజినీరింగ్ విద్యార్థులు ‘డ్రాగన్ బుక్’ అంటారు. 1986 నాటి ఆ పుస్తకం రాసిన ముగ్గురిలో ఒకరు ఐఐటీ కాన్పూర్‌లో చదివిన రవి సేథి. మిగతా ఇద్దరు, ఆల్ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్మన్‌లకు కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదైన ట్యూరింగ్ అవార్డు 2020 సంవత్సరానికి దక్కింది.

ఎక్కడ విడదీయాలో తేల్చడానికి ఈ విద్యలో ఓ సూత్రం ఉంది. ‘తినగలిగినంత తిను’. అంటే పేరు మొదలయ్యాక, పేరులో ఇమిడే అక్షరం వస్తున్నంతసేపూ కలుపుకుంటూ పోవాలి. ఇమడని అక్షరం రాగానే ఆగాలి. చక్కటి సూత్రమే. మరి ఇమిడే అక్షరమేదో ఎవరు చెప్పాలి? మధిరకు కష్టం వచ్చింది ఇక్కడే!

గుణింతం వస్తే గుమ్మం బయటే

కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఓ అంతర్జాతీయ సంఖ్య ఉంటుంది. ఆ పద్ధతి పేరు యూనికోడ్. 1991లో వచ్చిన తొలి వెర్షన్లోనే తెలుగుకు చోటు దొరికింది. అయితే అందులో ‘ధి’ అన్నది ఒక్క అక్షరం కాదు. ధ ఒకటి, గుడి ఒకటి. అందుకే మధిర అంటే మ, ధ, గుడి, ర... మొత్తం నాలుగు. ఒక్కోదాన్ని దాచడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో మూడు బైట్లు కావాలి. అందుకే పన్నెండు. ఇదే లెక్కన ఖమ్మం పలికితే రెండు, సంఖ్యల్లో అయిదు, బైట్లలో 15. భద్రాచలం పలికితే నాలుగు, సంఖ్యల్లో ఎనిమిది, బైట్లలో 24. ఇంగ్లిషు అక్షరాలకు ఈ గొడవ లేదు. అక్షరం ఒకటి, సంఖ్య ఒకటి, బైటు ఒకటి. టోకెన్ చోటును బైట్లలో లెక్కపెట్టి తెరమీద అక్షరాల్లో చూపిస్తే, తప్పు ఉన్న చోటుకు చూపాల్సిన బాణం గుర్తు తెలుగు వరసలో ఎక్కడికో వెళ్లి నిలబడుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మరోటుంది. యూనికోడ్ లెక్కల్లో అ, క, మ లాంటివి ‘అక్షరాలు’. గుడి, కొమ్ము, పొల్లు, సున్న లాంటివి అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే ‘గుర్తులు’. 2009లో గూగుల్ ప్రకటించిన గో భాషలో పేరంటే అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే. గుర్తులకు చోటు లేదు. కాబట్టి ‘ధర’ పేరుగా పనికొస్తుంది. పడవ, గడప, వరస కూడా సరే. ‘మధిర’ మాత్రం పనికిరాదు, మధ్యలో గుడి ఉంది! ఖమ్మమూ కుదరదు, మ కింద ఒత్తూ, పక్కన సున్నా ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లలు గుణింతాలు నేర్చుకోకముందు చదివే తలకట్టు మాటలు ఉంటాయి కదా, గో భాషకు తెలుగులో పట్టేవి దాదాపు అవే. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ భాషలో ఓ పేరు మిగతా భాగాలకు కనిపించాలంటే అది పెద్దక్షరంతో మొదలవ్వాలి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి ఎక్కడివి? ఈ నియమాల వల్ల దేవనాగరి లాంటి లిపులకు ఇబ్బందేనని గో రూపకర్తలే తమ ప్రశ్నలు-జవాబుల పత్రంలో ఒప్పుకున్నారు.

అన్ని భాషలూ ఇలా లేవు. 1995లో వచ్చిన జావా గుణింతాల్ని పేరులో ఒప్పుకుంటుంది. పైథాన్ 2008 డిసెంబరులో వచ్చిన 3.0 వెర్షన్‌తో తలుపు తీసింది. రస్ట్ అనే భాష 2021 జూన్‌లో తీసింది. పైథాన్ మరో మర్యాద కూడా చేసింది. మధిరకు పొరుగున ఉన్న వైరానే తీసుకోండి. అందులో ఐత్వాన్ని ఒక్క గుర్తుగానూ కొట్టొచ్చు, ఎత్వం, దాని కింద గుర్తు అని రెండుగానూ కొట్టొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటరు దృష్టిలో మాత్రం వేరువేరు. అలా వదిలేస్తే ఒకే పేరు రెండు పేర్లయి కూర్చుంటుంది. పైథాన్ లెక్సర్ దాటాక రెంటినీ ఒకే రూపంలోకి మార్చి పట్టికలో ఒక్కటే రాసుకుంటుంది.

తక్‌పట్టీ తెచ్చిన తంటా

మార్కెట్ యార్డులో సరుకు అమ్మాక రైతు చేతికిచ్చే చీటీని తక్‌పట్టీ అంటారు. ఈ మాటను చూడండి. క పొల్లు తర్వాత ప వచ్చినా అవి కలిసిపోయి ‘క్ప’గా మారలేదు. ఎందుకంటే మధ్యలో కంటికి కనిపించని ఓ గుర్తు ఉంది. ‘ఇక్కడ కలపొద్దు’ అని చెప్పడమే దాని పని. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలు రాసేటప్పుడు మనం రోజూ దాన్ని వాడుతూనే ఉంటాం.

మరి ఈ కనిపించని గుర్తు పేరులో ఉండొచ్చా? జావాస్క్రిప్ట్ 2009లో వచ్చిన అయిదో ఎడిషన్ నుంచి ఉండొచ్చంది. పైథాన్ మాత్రం 3.0 నుంచి ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. తక్‌పట్టీ అని రాస్తే, కనిపించని అక్షరమేదో దూరిందని తప్పు చూపించేది. రాసినవాడికి కనిపించనిది ఎలా తీసేస్తాడు, పాపం! అలాగని ఈ జాగ్రత్త అర్థం లేనిదేమీ కాదు. కనిపించని గుర్తులతో ఒకేలా కనిపించే రెండు పేర్లు సృష్టించి మోసం చేయొచ్చు. 2021లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఇలాంటి ఎత్తుల్నే బయటపెట్టారు. తెలుగు సున్నకూ, ఇంగ్లిషు ‘ఓ’కూ తేడా తెరమీద ఎంతమంది పట్టగలరు?

ఈ గుర్తు ఎంత పని చేయగలదో ప్రపంచం 2018 ఫిబ్రవరిలో చూసింది. ‘జ్ఞా’ అన్న అక్షరంలో ఈ గుర్తు కూడా చేరిన ఓ రూపాన్ని చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. అది పేర్లు విడదీసే చోట కాదు, అక్షరాన్ని తెరమీద గీసే చోట జరిగిన పొరపాటు. కానీ పాఠం ఒకటే. తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరంలా ఉంటుందని ఎక్కడ అనుకున్నా అక్కడ గొయ్యి తప్పదు.

ఇది తెలుగుకు మాత్రమే సంబంధించింది కూడా కాదు. ఖమ్మం దాటి తూర్పుకు, భద్రాచలం అడవుల వైపు వెళితే కోయ భాష వినిపిస్తుంది. దాన్ని రాయడానికి ఎక్కువగా తెలుగు లిపినే వాడతారు. తెలుగు గుణింతాన్ని ఆపిన గుమ్మం కోయ మాటనూ ఆపుతుంది.

మనుషుల భాషకూ అదే చిక్కు

ప్రోగ్రాములకే ఇంత తతంగమైతే, మనం మాట్లాడే తెలుగును విడదీయడం ఇంకెంత కష్టం! ‘వెళ్లాల్సొచ్చిందట’ అన్న ఒక్క మాటలో వెళ్లడం ఉంది, తప్పకపోవడం ఉంది, అయిపోయిన కాలం ఉంది, ఎవరో చెప్పగా విన్నామన్న సంగతీ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధుల్ని సూత్రాలుగా కూర్చారు. ఆ సూత్రాల్ని తిరగేసి, కలిసిన మాటను విడదీసే ప్రోగ్రాముల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఏళ్లుగా పనిచేస్తున్నాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి తలపడ్డదీ ఇలాంటి సమస్యతోనే. మనిషి గొంతులో మాటకూ మాటకూ మధ్య ఖాళీలుండవు మరి!

ఇప్పుడు కృత్రిమ మేధ కాలంలో ఈ ముక్కలకు ఏకంగా ధర పలుకుతోంది. చాట్‌జీపీటీ లాంటివీ వాక్యాన్ని టోకెన్లుగానే ముక్కలు చేసుకుంటాయి. వాటిని ఉపయోగించుకునే కంపెనీలు టోకెన్ల లెక్కన డబ్బు కడతాయి. ఓపెన్ఏఐ 2024 మేలో కొత్త మోడల్ తెచ్చినప్పుడు తానే ఓ లెక్క చెప్పింది. ఒకే అర్థమున్న పలకరింపుకు పాత పద్ధతిలో ఇంగ్లిషులో 27 టోకెన్లయితే తెలుగులో 159! కొత్త పద్ధతిలో ఇంగ్లిషులో 24, తెలుగులో 45. మూడున్నర రెట్లు తగ్గిందని సంతోషించాలో, ఇప్పటికీ దాదాపు రెట్టింపు ఉందని బాధపడాలో తెలియని పరిస్థితి. మాట అదే, మనిషి అదే. విడదీసే కత్తి తెలుగును ఎరగకపోతే బిల్లు పెరుగుతుంది.

తెలుగులో రాస్తే ఏమొస్తుంది?

ఇంతా చేసి తెలుగు పేర్లతో ప్రోగ్రాములు ఎవరు రాస్తారు? ఈ ప్రశ్న న్యాయమైందే. హైదరాబాద్ కంపెనీలో కూర్చుని అమెరికావాళ్లతో కలిసి పనిచేసే ఇంజినీరు ఇంగ్లిషు పేర్లే పెడతాడు, పెట్టాలి కూడా. పైథాన్ పెద్దలు సైతం తమ సొంత లైబ్రరీలో ఇంగ్లిషు మాటల్నే వాడాలని నియమం పెట్టుకున్నారు. భాష దాచుకున్న ఆ 35 మాటలూ ఎలాగూ ఇంగ్లిషులోనే ఉంటాయి.

కానీ మొదటి మెట్టు మీదున్న పిల్లల సంగతి వేరు. సర్కారు బడిలో తెలుగులో లెక్కలు నేర్చుకున్న పిల్లకు ‘వైశాల్యం = పొడవు * వెడల్పు’ అని కనిపిస్తే, అది ప్రోగ్రామని చెప్పకముందే అర్థమైపోతుంది. ఆపైన నేర్చుకోవాల్సింది తర్కం ఒక్కటే. లేదంటే తర్కం ఒకవైపు, కొత్త మాటల స్పెల్లింగు మరోవైపు. రెండు బరువులూ ఒకేసారి ఎత్తాలి. తమిళులు ఈ ఆలోచనతోనే ‘ఎళిల్’ పేరుతో పూర్తిగా తమిళ మాటలతో నడిచే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసుకున్నారు.

ఇంట్లో పిల్లలు పైథాన్ నేర్చుకుంటుంటే ఓసారి పరీక్షించి చూడమనొచ్చు. మధిర అని ఓ పేరు పెట్టి, దానికి ఓ అంకె ఇచ్చి, అచ్చు వేయమంటే చాలు. గుడి ఉన్న ధి, దాని ఇరుపక్కలా మ, ర... అన్నీ కలిసి ఒకే టోకెన్‌గా లోపలికి వెళ్లిపోతాయి. అర్థం చేసుకోవడం, లెక్క కట్టడం, జవాబు చెప్పడం అన్నీ ఆ తర్వాతి పనులు. మాటను మాటగా గుర్తుపట్టడమే మొదటి పని.